పాఠంలో లేని ఫోన్

మిరప కోతలు మొదలైన వారం, సోమవారం ఉదయం పదకొండుంబావుకు, ఎనిమిదో తరగతి గదిలో ఈ గొడవ మొదలైంది. నేను రిటైరైన సోషల్ టీచర్ని. మా ఊరి హైస్కూల్లో ఆ పోస్టు ఖాళీగా ఉంటే వెళ్లి పాఠాలు చెబుతున్నాను.

ఆ రోజు పాఠం మా ప్రాంతపు వ్యవసాయ చరిత్ర. నల్లరేగడికి పత్తి, మిరప ఎలా వచ్చాయో, రైతులు ఎలా బాగుపడ్డారో నాలుగు పేజీలుంది. కాయ కోసేవాళ్లకు ఒక్క వాక్యం, కరువుకు తాళలేక వలస వస్తారని. పక్కన నెత్తిన మూటతో అటు తిరిగి నడిచిపోతున్న ఆడమనిషి బొమ్మ. ఆ వాక్యం చదివే వంతు, కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన కుటుంబంలోని అమ్మాయికి పడింది. చదివింది. ముందు బెంచీ కుర్రాడు వెనక్కి తిరిగి, "ఏమే, మీ అమ్మ ఫోటో వేశారే" అన్నాడు. అందరూ నవ్వారు. వాణ్ని నిలబెట్టాను గాని, మర్నాడు ఆ అమ్మాయి రాలేదు.

బుధవారమూ రాలేదు. సాయంత్రం చేలో వాళ్లు వేసుకున్న గుడారం దగ్గరకు వెళ్లాను. ఆ అమ్మాయి తల్లి పక్కన కూర్చుని, రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. ఇక బడికి పంపనని తల్లి, ఆ పుస్తకం చదవడానికి పోనని కూతురు. పుస్తకంలో తప్పేముందని అడిగాను.

"మేమేదో దిక్కులేక వచ్చి పడినట్టు రాసినారు టీచర్. దసరా కాడ్నుంచి మా నాయనకు ఫోన్లు చేసింది మీ ఊరోళ్లే కదా. లారీ పంపిచ్చింది గూడా వాళ్లే" అంది ఆ అమ్మాయి.

కరువు మాట అబద్ధం కాదు. కానీ అది సగమే. రెండో సగం వినాలంటే శుక్రవారం బడికి రమ్మన్నాను. గురువారం తరగతికి ఒకటే హోంవర్క్ ఇచ్చాను: మీ చేలోకి కోతల మనుషుల్ని ఎవరు పిలిచారో ఇంట్లో అడిగి రండి.

శుక్రవారం వెనక బెంచీలో ఆ అమ్మాయి ఉంది. ముందు లేచింది ఆ కుర్రాడే.

"మా నాన్నే ఫోన్ చేశాడండి, మూడుసార్లు. వీళ్లు రాకపోతే కాయంతా చెట్టు మీదే ఎండి రాలిపోద్దంట."

"మూడు కాదు, నాలుగు" అంది వెనక నుంచి ఆ అమ్మాయి.

ఈసారి తరగతితో పాటు తనూ నవ్వింది. ఆ వాక్యం కింద ఎవరి పుస్తకంలో వాళ్లు పెన్సిలుతో రెండో వాక్యం రాసుకున్నారు: మేం పిలిస్తే వచ్చారు. కోతలయ్యేదాకా ఆ అమ్మాయి మళ్లీ మానలేదు.

పోయినవి: ఆ అమ్మాయికి మంగళ, బుధ, గురువారాల బడి, మూడు మధ్యాహ్న భోజనాలు. నాకు సిలబస్‌లో రెండు పీరియడ్లు.