ఆదివారం ఉసిరికాయ

రాఘవమ్మ కత్తిపీట కూరగాయల కంటే ఉసిరికాయలే ఎక్కువ కోసి ఉంటుంది. ఆమె భర్త వెంకటప్పయ్యది కోస్తా నుంచి దుమ్ముగూడెం వచ్చి గోదావరి ఒడ్డున పొగాకు వేసిన కుటుంబం. రోజుకు పన్నెండు చుట్టలు తాగేవాడు. పండించేవాడే తాగకపోతే పంట అలుగుతుందని ఆయన సొంత శాస్త్రం.

ఐదేళ్ల కిందట ఫోన్‌లో వచ్చిన వీడియోలో ఎవరో డాక్టరు, ఉసిరి, మునగాకు, కరివేపాకు తింటే ఒంట్లో పొగాకు చేసే చెరుపు కొంత తగ్గుతుందని చెప్పాడు. ముందు చుట్ట మానాలనీ చెప్పాడు. వెంకటప్పయ్యకు మొదటి మాటే వినిపించింది. ఆ రోజు నుంచి చుట్టకొక ఉసిరికాయ. విరుగుడు ఇంట్లోనే ఉందన్న ధీమాతో పన్నెండు కాస్తా పద్దెనిమిదయ్యాయి. తాగడం ఆయన పని, విరుగుడు వెతకడం రాఘవమ్మ పని.

ఆమె అడవి అంచు దాకా నడిచి కాయలు ఏరుకొచ్చేది. కాయలు దొరకని కాలానికి ఒరుగులు ఎండబెట్టేది. చలికాలం తలుపులు మూసిన గదిలో ఆయన పొగ వదులుతుంటే పక్కనే కూర్చుని గింజలు తీసేది. ఒక ముక్క నోట్లో వేసుకోబోతే, "నీకెందుకే? నువ్వేమన్న చుట్ట తాగుతవా?" అనేవాడు. నిజమే కదా అనుకునేది, పిచ్చిది. ఆదివారం ఉసిరి తినకూడదు గనుక ఆ రోజు మునగాకు రసం. ఆదివారం చుట్ట తాగకూడదని మాత్రం పెద్దలెవరూ చెప్పి చావలేదు.

పోయిన కార్తికంలో ఆమె దగ్గితే రక్తం పడింది. భద్రాచలం తీసుకెళ్తే, దవాఖానాలో డాక్టరమ్మ ఉషారాణి స్కానింగ్ ఫొటోలు చూసి, "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నవమ్మా?" అని అడిగింది.

"నేను ముట్టించనే లేదు తల్లీ. ఆయన తాగుతడు."

డాక్టరమ్మ వెంకటప్పయ్య వైపు తిరిగింది. "క్యాన్సర్. బాగా ముదిరింది. నీ పొగ ఈమె పీల్చింది."

"మరి నాకేం కాలేదు గదమ్మా! అంతా ఉసిరి మహిమ. ఇది ఒక్క ముక్క తింటే ఒట్టు."

"ఏ కాయా పొగను కడగదు పెద్దాయనా. ఇప్పటికైనా మానెయ్," అందామె.

మరునాడు ఆదివారం. రాఘవమ్మకు చావాలని లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ మాట విన్నా ఆశ చావక, గంపలోంచి ఉసిరికాయ తీసి కొరికింది. వెంకటప్పయ్య చేతిలోంచి లాక్కున్నాడు.

"ఆదివారం పూట ఉసిరి తింటవా? ఇంట్ల లక్ష్మి నిలుస్తదా?"

కాయను గంపలో పడేసి, చుట్ట ముట్టించి, రసం అడిగాడు. ఆమె లేచి రోట్లో మునగాకు వేసింది. ఐదేళ్ల అలవాటు కదా. నాలుగు పోట్లు వేసేసరికి దగ్గుతెర ముంచుకొచ్చింది.

"జర అటు పోయి దగ్గవే," అన్నాడు వెంకటప్పయ్య. "నా మందుల పడుతది."