గట్టు మీది బట్టల వ్యాపారి సమాధి

మొన్నామధ్య పక్క రాష్ట్రంలో ఉన్న క్రాన్‌బర్న్‌లో మా మేనకోడలి గృహప్రవేశానికని మా అబ్బాయి నన్ను కారులో తీసుకెళ్ళాడు. సిడ్నీలో మేముండే పెండిల్ హిల్‌లో తెల్లవారుతూనే బయల్దేరినా దారి పొడవునా ఆగుతూ వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది, వెనక సీట్లో కాస్త కన్ను మూతపడింది, ఇంతలో నది దాటేశాం. "అమ్మా, బోర్డర్ అయిపోయింది, యూ మిస్డ్ ఇట్" అన్నాడు వాడు నవ్వుతూ. తిరిగి చూస్తే వెనక వంతెన కమ్మీలు, దూరంగా రెడ్ గమ్ చెట్ల వరస తప్ప ఏమీ కనపడలేదు. ఆ నది ఒడ్డున నా జీవితంలో మంచి సంవత్సరాలు కొన్ని గడిచాయని వాడికి తెలుసు గానీ, అప్పటికి వాడింకా పుట్టలేదు.

పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు సాగునీటి శాఖలో ఉద్యోగం వచ్చి ఆ సరిహద్దు ఊరికి వెళ్ళాం. ఊరొకటే అనుకుంటాం గానీ నదికి అటొక పేరు, ఇటొక పేరు, అటొక రాష్ట్రం, ఇటొక రాష్ట్రం. మా అద్దె ఇల్లు దక్షిణపు ఒడ్డున, నేను లెక్కలు చెప్పే బడి ఉత్తరపు ఒడ్డున. అక్కడ సెలవులిస్తే ఇక్కడ ఇవ్వరు, ఇక్కడి లైసెన్సు అక్కడివాళ్ళకు నచ్చదు. సిడ్నీ వెళ్ళినప్పుడు అపురూపంగా కొనుక్కొచ్చిన మామిడిపళ్ళను, పళ్ళను పాడుచేసే ఈగ తోటల్లోకి వస్తుందన్న భయంతో తనిఖీవాళ్ళు దారిలోనే చెత్తడబ్బాలో పడేయమనేవారు. ఒకసారి నేను పారేయడానికి మనసొప్పక, రోడ్డు పక్కన కారాపించి, రసం మోచేతుల దాకా కారుతుంటే ఉన్నవన్నీ అక్కడే తినేశాను, మా ఆయన తల తిప్పుకుని నవ్వుతూ నిలబడ్డారు.

ఆ రెండూళ్ళకూ కలిపి మన దేశపు వాళ్ళం మేమిద్దరం, ఆసుపత్రిలో పనిచేసే హైదరాబాదు డాక్టరు భాయ్ ఒకరు, అంతే. వంతెన పక్కన ఒక పాత ఇటుక కట్టడం ఉండేది. ఈ రాష్ట్రాలన్నీ ఒకే దేశం కాకముందు రెండు ఒడ్లూ వేరువేరు వలస రాజ్యాలుగా ఉన్న రోజుల్లో, నది దాటే సరుకు మీద సుంకం వసూలు చేసిన ఇల్లు అది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ ఆదివారాలు దాని తలుపులు తీసి, వచ్చినవాళ్ళకు ఊరి చరిత్ర చెప్పేది. తెలిసినవాళ్ళెవరూ లేక మాకు ఆదివారాలు గడిచేవి కావు, అందుకని వెళ్ళేవాళ్ళం. టీ ఆకు, పొగాకు, పంచదార పావడా మడతల్లో దాచుకుని పడవ దాటిన ఆడవాళ్ళ సంగతులు ఆవిడ చెబుతుంటే, మా అమ్మమ్మ వీధరుగు మీద కూర్చుని చుట్టుపక్కల ఇళ్ళ కబుర్లు చెప్పిన తీరే నాకు గుర్తొచ్చేది. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక నేను ఆంటీ అంటే మొదట్లో ఆవిడ తెల్లబోయింది. తర్వాత ఎప్పుడైనా మరిచిపోయి పేరు పెట్టి పిలిస్తే నొచ్చుకునేది.

ఒక ఆదివారం ఆవిడ తలుపులు మూసేసి, మమ్మల్ని గట్టు వెంట నడిపించుకుని వెళ్ళింది. చెట్ల మధ్య తుప్పు పట్టిన ఇనుప కంచె, లోపల పేరు లేని చిన్న మట్టి దిబ్బ. వాళ్ళ అమ్మమ్మ కాలంలో మన దేశం నుంచి వచ్చి, గుర్రబ్బండి మీద బట్టలు, సూదులు, దారాలు, రిబ్బన్లు వేసుకుని పొలాల వెంట తిరిగి అమ్ముకున్న మనిషిదట. తన పేరు చెప్పాడట గానీ వీళ్ళకు నోరు తిరగక చార్లీ అనేవారట. ఒక ఏడాది వరదకు పడవ ఆగిపోయి, జ్వరంతో వీళ్ళ ఇంటి వంటగదిలోనే పడిపోతే, ఆవిడ అమ్మమ్మే సపర్యలు చేసిందట, కడపటి గుక్క నీళ్ళూ ఆమే పోసిందట. శ్మశానం చూసే పెద్దలు క్రైస్తవుడు కానివాడికి చోటు లేదంటే, కమ్మరి పని చేసే తాత, అతను గుర్రాన్ని కట్టేసుకునే చోటే గొయ్యి తీసి, తన చేత్తో ఆ కంచె చేసి పెట్టాడట. అప్పటినుంచి అమ్మమ్మ, అమ్మ, ఆ తర్వాత ఈవిడ, వసంతకాలం రాగానే కలుపు పీకి శుభ్రం చేస్తూ వచ్చారు.

ఇదంతా మాకు చెప్పడానికి కారణం ఉంది. నది ఒరుసుకుంటూ వచ్చి గట్టు విరిగిపడుతోంది, కంచె ఒక మూల అప్పటికే గాలిలో వేలాడుతోంది. మా ఆయన వంగి మట్టిని చేత్తో నలిపి చూసి, కొండల్లో మంచు కరిగి నీళ్ళు పెరిగితే ఈసారి నిలవదన్నారు. ఆవిడ అప్పటికే రెండు ఒడ్ల కార్యాలయాల చుట్టూ తిరిగింది. నదీ, నదివైపు వాలూ ఉత్తరపు రాష్ట్రానివి, గట్టు పైభాగం దక్షిణపు రాష్ట్రానిది. సమాధి సరిగ్గా ఆ అంచున ఉండటంతో వాళ్ళు వీళ్ళదన్నారు, వీళ్ళు వాళ్ళదన్నారు. చివరకు దక్షిణపు కార్యాలయంలో ఒక అధికారి మెత్తబడి, బంధువు ఎవరైనా వచ్చి అడిగితే శ్మశానానికి మార్పించే ఏర్పాటు చూస్తానన్నాడట.

"మీ దేశం మనిషే కదా, మీరు వచ్చి అడగకూడదా?" అని అడిగింది ఆవిడ.

ఇంటికొచ్చాక మా ఆయన బూట్లకంటిన మట్టి దులుపుకుంటూ, "ఏ ఊరివాడో, ఏ భాషవాడో కూడా తెలీదు. బంధువులమని ఎట్లా చెబుతాం? అబద్ధమాడటం నావల్ల కాదు" అన్నారు. నిజమే, ఆయన అలాంటి మనిషి కాదు. కానీ అన్నం కలుపుకుంటున్నా నాకు ఆ పరాయి వంటగదిలో ఆ మనిషి ఎవరిని తలుచుకుని ఉంటాడో, ఏ భాషలో నీళ్ళడిగి ఉంటాడో అనే ధ్యాసే. మేమిద్దరమూ అప్పటికి మనవాళ్ళను చూసి చాలాకాలమైంది.

చివరకు అబద్ధం చెప్పకుండానే వెళ్దామని, ముగ్గురం కలిసి ఆ కార్యాలయానికి వెళ్ళాం. అధికారి మా మొహాలు చూడగానే ఊరట పడ్డట్టు, "మీరేనా బంధువులు?" అని అడిగాడు. మా ఆయన తల అడ్డంగా ఊపారు. ఆంటీ మొహం పాలిపోయింది. అప్పుడు నాకెక్కడి ధైర్యమొచ్చిందో, బడిలో పిల్లల ముందు కూడా తడబడే నా ఇంగ్లీషులోనే చెప్పాను.

"మా వాళ్ళలో, పోయేవాళ్ళ నోట్లో చివరి నీళ్ళు పోసేది అయినవాళ్ళే. అతనికి ఆ నీళ్ళు పోసింది ఈవిడ అమ్మమ్మ. ఆ లెక్కన బంధువు ఈవిడే, మేం కాదు."

అధికారి కలం కింద పెట్టాడు. తర్వాత ఆంటీ వైపు తిరిగి, ఇన్నాళ్ళూ ఆ సమాధిని ఎవరు చూసుకుంటున్నారని అడిగాడు. ఆవిడ చెప్పింది. "అయితే అది చాలు, అదే రాస్తాను" అన్నాడు. బయటకు రాగానే మెట్ల మీద ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కారు దగ్గరికి వెళ్ళేదాకా వదల్లేదు.

తవ్విన రోజు ఉదయం మంచు దట్టంగా ఉంది. మేము ముగ్గురం, డాక్టరు భాయ్, తవ్వేవాళ్ళు, అంతే. దొరికినవి కొన్ని ఎముకలు, బూటు మేకులు, బెల్టు బిళ్ళ. అతను హిందువో, ముసల్మానో, సిక్కో చెప్పే వస్తువు ఒక్కటీ లేదు. శ్మశానంలో తీసిన కొత్త గోతి దగ్గర ఏ ప్రార్థన చెయ్యాలో తెలియక నిలబడిపోతే డాక్టరు భాయ్ టోపీ సర్దుకుంటూ, "భాభీ, మనోడైతే ఏంది, కాకపోతే ఏంది, నేనో దువా చదువుత, మీకొచ్చింది మీరు చదవండి" అన్నారు. ఆయన చదివారు, ఆంటీ వాళ్ళ ప్రార్థన చెప్పింది, నాకు మంత్రాలేవీ రావు కనుక చెంబుతో నది నీళ్ళు తెచ్చి పోసి దణ్ణం పెట్టుకున్నాను. మా ఆయన చివరి దాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు.

అతన్ని పెట్టిన ఆ చోటు ఆంటీ తనకోసం అమ్మమ్మ పక్కన అట్టేపెట్టుకున్నదని ఆ తర్వాత తెలిసింది. రాతి మీద చార్లీ అన్న పేరు వద్దంది, అసలు పేరు తెలియదు. "బట్టలమ్ముకుంటూ మా ఊరొచ్చాడు, మా ఇంట్లో కన్నుమూశాడు" అని మాత్రం చెక్కించింది. ఆ వసంతంలోనే వరద వచ్చి గట్టు ఆ భాగమంతా రాత్రికి రాత్రి నదిలో కలిసిపోయింది.

కొన్నేళ్ళకు మా ఆయనకు బదిలీ అయి సిడ్నీ వచ్చేశాం. ఆంటీ పోయిన కబురు ఆలస్యంగా అందింది. తనను దహనం చేసి బూడిద నదిలో కలపమని చెప్పిపోయిందట. డాక్టరు భాయ్, మా ఆయన కూడా ఇప్పుడు లేరు. సుంకం ఇల్లు కాఫీ హోటలయిందని, గోడ మీద పాత పడవల బొమ్మలు వేలాడదీశారని ఎవరో చెప్పారు.

ఇప్పుడు నేనుండే చోట పొద్దున లేస్తే తెలుగు, కూరగాయల కొట్లో తెలుగు, గిరావీన్ పార్కులో నడిచేవాళ్ళు గుంటూరు, కరీంనగర్, కడప యాసల్లో మాట్లాడుకుంటూ పోతుంటారు. కరివేపాకు కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. సంతోషమే, ఒకప్పుడు దీనికోసమే మొహం వాచిపోయాం. అయినా పార్కులో ఎదురుపడిన మనిషి ఏ జిల్లా, ఏ వాళ్ళు అని ముందు ఆరా తీసి, ఆ తర్వాత కలుపుకోవాలో అక్కర్లేదో తేల్చుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆ మంచు ఉదయం గుర్తొస్తుంది. అక్కడ మేము ఎంత తక్కువమందిమంటే, ఎప్పుడో పోయిన, పేరు కూడా తెలియని మనిషిని సైతం మాలో ఒకడిగా లెక్కపెట్టుకున్నాం.