నల్లరంగు కింద ఇత్తడి

నా కెమెరా మీది నల్లరంగంతా నా వేళ్లే తిన్నాయి. రాయ్‌పూర్‌లో తెలుగువాళ్ల పెళ్లంటే ముందు పంతులుగారికి కబురు, ఆ వెంటనే నాకు. ముహూర్తం మించిపోతున్నా సరే, నేను రీలు ఎక్కించి ఊఁ అనేదాకా తాళి కట్టేవారు కాదు. అలా పట్టుకుని పట్టుకుని మూలలన్నీ అరిగాయి. రంగు కింది ఇత్తడి బయటపడి, ఇప్పుడది తోమిన దీపపు కుందెలా మెరుస్తోంది.

ఇది తెలీబంధా చెరువు దగ్గరికి వాకింగుకి వచ్చేవాళ్లకు నేను చెప్పే మాట. కాగితం మీద రాస్తున్నాను కాబట్టి కొంత తగ్గిస్తాను. ముహూర్తం ఎవరూ ఆపలేదు. నేను ఫొటోలు తీసింది డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే కాలనీలో మావాళ్ల పెళ్లిళ్లకే, అదీ అసలు ఫొటోగ్రాఫరు భోజనానికి లేచినప్పుడు. ఒక పెళ్లిలో రీలు లోపలి చక్రం పళ్లకు తగులుకోనే లేదు. నేను మాత్రం మీట లాగుతూ, నొక్కుతూ, అందరినీ నవ్వమంటూ చెమటలు కక్కాను. ఒక్క బొమ్మా పడలేదు. ఇక అరుగుదల సంగతి. రాయ్‌పూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాది, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక రైల్వే గార్డు దగ్గర ఈ కెమెరా కొన్నాను. సగం మూలలు ఆయనే అరగదీసి ఇచ్చాడు.

నా అసలు పని రంగులు వెయ్యడం. వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో తుప్పు గీకి, ఎర్ర ప్రైమరు కొట్టి, దాని మీద రంగు వేసి, అచ్చు పెట్టి నంబరు రాసేవాణ్ణి. అలాంటివాడికి బోడి లోహం కనబడితే చెయ్యి ఊరుకోదు. మా ఇంటి గేటు, నీళ్ల డ్రమ్ము, కుట్టుమిషను కాళ్లు, అన్నీ వ్యాగన్ల రంగులోనే ఉండేవి. కెమెరా కొన్న కొత్తలో దాని మూలలకూ నల్ల టేపు అంటించాను. మే నెల ఎండకు జిగురు కరిగి నా చెంపకు అంటుకుంది. టేపు పీకేసి బ్రష్షు తీశాను. మా ఆవిడ ఆపింది.

"వాడిన వస్తువు వాడినట్టు కనబడితే తప్పేటండీ? మీ వ్యాగన్లకి వెయ్యండి, అవి వానలో నిలబడతాయి. ఇత్తడికి తుప్పు పడుతుందా?"

తుప్పు పట్టనిదానికి రంగు ఎవరి కోసం? చూసేవాళ్ల కోసం. బ్రష్షు కడిగి పెట్టేశాను.

పెళ్లిళ్లకు స్కూటరు మీద వెళ్లేవాళ్లం. మధ్యలో మా అమ్మాయి, వెనక మా ఆవిడ, ఆవిడ ఒళ్లో కెమెరా. టాటీబంధ్ వైపు రోడ్డంతా లారీలు తొక్కిన గుంతలు. బండి గుంతలో పడినప్పుడల్లా నా వీపు వెనక గాజులు గలగలమనేవి. ఆ చప్పుడు వినబడితే చాలు, ఇద్దరూ కూర్చునే ఉన్నారని ధైర్యం.

ఆవిడ పోయింది. స్కూటరు అమ్మేశాం. అయినా ఆటో ఎక్కితే వెనక నుంచి గాజులు వినిపిస్తాయి. ఇంట్లో కెమెరా చేతిలోకి తీసుకున్నా వినిపిస్తాయి. భుజానికి వేసుకునే పట్టీకి ఉన్న రింగులు కదిలాయని నాకు తెలుసు. తెలిసే తలుపు వైపు చూస్తాను.

కెమెరా అడుగున ఎడమ వైపు సన్నటి గీతలున్నాయి. గార్డు ఇచ్చినప్పుడు లేవు. చంద్రవంకల్లా వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి పడి, వాటి మధ్య ఇత్తడి మెరుస్తుంది. స్కూటరు మీద ఆవిడ ఎడమచెయ్యి ఉండే చోటు. ఫొటోల్లో ఆవిడ కదలదు. ఈ గీతల మీద వేలు పెడితే ఆ చెయ్యి కదిలినట్టుంటుంది. అమ్మాయి స్కూలుకు పాఠాలు చెప్పడానికి వెళ్లాక, చాలా మధ్యాహ్నాలు నాకు అదే పని.

ఈ వానల్లో మీట బిగుసుకుపోయింది. అమ్మాయి నన్ను రిపేరు దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణం అతను వెనక మూత తెరిచి, లోపలి నుంచి బియ్యపు నూక ఒకటి తీసి చూపించాడు. వానాకాలం చెమ్మ చేరకూడదని కెమెరాని బియ్యం డ్రమ్ములో పాతడం మా ఇంటి అలవాటు. తోలు కేసుకు బూజు పడుతుందని అది తీసేసి, ఉత్త కెమెరానే పాతేవాణ్ణి.

"బాబూజీ, కలర్ భీ మార్ దూంగా, ఏక్‌దమ్ నయా!" అన్నాడతను, రంగు కూడా కొట్టి కొత్తదానిలా చేసిస్తానని. అమ్మాయి సరేనంది. మర్నాడు తెచ్చి ఇస్తామని నేనే ఏదో సాకు చెప్పి, కెమెరా తీసుకుని వచ్చేశాను.

మర్నాటి పొద్దున వంటింట్లో ఠంగుమంది.

"నాన్నా! ఏటిది, మళ్లీ బియ్యంలో పెట్టీసేవా?"

దాచడానికి నాకు ఇంకో చోటు తోచలేదు మరి.

"రిపేరుకి ఇవ్వమ్మా. రంగు మాత్రం వద్దు."

"అరే, గేటుకేస్తావు, డ్రమ్ముకేస్తావు, దీనికేటయ్యింది?"

చెప్పక తప్పలేదు. కెమెరా తిరగేసి చూపించాను. "ఇవి మీ అమ్మ గాజుల గీతలు. రంగు పడితే పోతాయి."

అమ్మాయి కెమెరా తీసుకుని వాటి మీదకి వంగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. డ్రమ్ములోంచి బియ్యం కొలిచే స్టీలు గ్లాసు తీసి, దాని అంచు గీత మీద పెట్టింది. వంపు సరిగ్గా సరిపోయింది.

"గాజులు కాదు, గ్లాసు. వానాకాలమంతా బియ్యం తీసింది నేను. ముంచినప్పుడల్లా దీనికే తగిలేది. తిడతావని చెప్పలేదు, బస్, అంతే."

"మరి మీ అమ్మ ఒళ్లో పెట్టుకుని..."

"నీ కెమెరా ముట్టుకునే ముందు అమ్మ గాజులు తీసీసేది. గీత పడితే ఊరుకుంటావా నువ్వు? బండి తోలుతూ వెనక ఏటి చూశావు?"

"చప్పుడు విన్నాను కదే! ప్రతిసారీ విన్నాను."

"విన్నావు. తీసి నా చేతికి ఎక్కించేది. ఆ చప్పుడు నాది నాన్నా."