కారుకూ కావాలి పాత విత్తనం

ఈ రోజు మా కొడుకు శ్రీను డీజిల్ కారు ఇంజనును నడిపే కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌ను మార్పించడానికి ముత్తంగి షెడ్డుకు బయల్దేరితే, భయంతో నేనూ వెంట వెళ్లాను. ఆ కారు కిరాయిల మీదే మా ఇల్లు నడుస్తుంది.

మెకానిక్ కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, "ఒక ప్రోగ్రామ్ పెడితే బండి జోరుగ ఉరుకుతది. ఇంకోటైతే డీజిల్ తక్కువ తాగుతది. ఏది పెట్టాలె?" అన్నాడు.

శ్రీను ఆలోచిస్తుంటే నేనే మెకానిక్‌ను అడిగాను. "రెండూ బండికి పడకుంటే ఎట్ల బిడ్డా? పాతది దాసిపెట్టినవా?"

"ఏం గాదవ్వా, గింత పరేషాన్ ఎందుకు?"

"కొత్త విత్తనం ఏసిన ఏడు గూడ మేం పాత గింజలు గుమ్మిల దాస్తం."

మెకానిక్ నవ్వుతూనే పాతది ల్యాప్‌టాప్‌లో దాచి, డీజిల్ తక్కువ తాగేది పెట్టాడు.

తిరిగొస్తుంటే పటాన్‌చెరు వంతెన ఎక్కలేక కారు మూలిగింది. శ్రీను నా ముఖం చూడకుండా బండిని మళ్లీ షెడ్డు వైపు తిప్పాడు.

నాది ఉత్త భయమేనా? మీరే చెప్పండి.