పదిహేడో నంబరు అబ్బాయి మోచెయ్యి

పోయిన బుధవారం ఆఫీసు నుంచి వస్తూ గార్చింగ్‌లో యూ-బాన్ రైలు దిగి మెట్లెక్కుతుంటే ఫోనులో మా అత్తగారి వాయిస్ మెసేజ్ మోగింది. ఆవిడ మెసేజులు చెవికి ఆనించుకుని వినకూడదు. ముప్పై ఏళ్లు మైదానం ఆ చివరనున్న పిల్లలకు వినపడేలా మాట్లాడిన గొంతు అది. జానెడు దూరంలో పట్టుకుని విన్నాను. "బాబూ, బాగున్నారా? ఈ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. మన పదిహేడో నంబరు అబ్బాయి మోచెయ్యి బాగైంది కదా, అదే చెబుదామనుకుంటున్నాను. ఆపరేషన్ లేకుండానే తగ్గిందన్నారు మీరు. ఏ నెలలో తగ్గిందో, మళ్ళీ ఎప్పట్నుంచి ఆడుతున్నాడో కాస్త సరిగ్గా చెప్పండి. దేవుడి సన్నిధిలో తప్పు చెప్పకూడదు కదా." ఆ అబ్బాయి ఉన్నాడు, అంతవరకే నిజం. అతని మోచేతికి నొప్పి రావడం, తగ్గడం రెండూ నేను కల్పించినవే. మెట్ల మధ్యలో నిలబడిపోయాను. వెనకాల వచ్చేవాళ్లు నన్ను తప్పించుకుని విసుగ్గా వెళ్ళారు.

కరోనా మొదలైన ఏడు మా అత్తగారు మనవరాలిని చూడ్డానికి మూడు నెలల కోసమని వచ్చారు. వచ్చిన నెలకే విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగించడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్క నేను ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు పెడుతూ ఉండేవాణ్ణి. పాప వెళ్ళే కీటా, అదే చిన్నపిల్లల బడి, మూసేశారు, నా ఆఫీసు ఇంటికొచ్చేసింది, మా ఆవిడ పనిచేసే ల్యాబు మాత్రం వంతులవారీగా రమ్మంది. ఇక పగలంతా రెండు గదుల ఇంట్లో నేను, ఐదేళ్ల పాప, అత్తగారు. పెళ్ళయిన ఏడేళ్లలో ఆవిడతో నేను మాట్లాడిందంతా కలిపినా ఒక పూటకి సరిపోదు. "భోంచేశారా బాబూ", "చేశానండీ" దగ్గర ఆగిపోయే అల్లుణ్ణి నేను. ఆవిడ కోస్తాలో ఒక బాలికల హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైన మనిషి. పెట్టెలో ఆవకాయతో, బైబిలుతో పాటు విజిల్ కూడా తెచ్చుకున్నారు. బాల్కనీలో పాపకి డ్రిల్లు చేయించేవారు. పాపకి అది ఎంత నచ్చిందంటే "నోహ్ మాల్, అమ్మమ్మా" అని జర్మన్‌లో అంటూ మళ్ళీ మళ్ళీ చేయించుకునేది. మూడో రోజున కింది ఇంటి పెద్దాయన మా తలుపుకి కాగితం అంటించారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా విశ్రాంతి వేళ, విజిల్ ఊదరాదని. నేను తెలుగులో చదివి చెబితే అత్తగారు నొచ్చుకుంటారనుకున్నాను. "టైమ్ టేబుల్ ఉన్న మనిషి" అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత రోజూ మూడు దాటిన ఒక్క నిమిషానికి విజిల్ మోగేది.

మా కంపెనీ చిన్నది. వీడియోలో మనిషి కదలికను చూసి కీళ్ల కోణాలు, వేగాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. దాన్ని కొనే ఫిజియోథెరపీ వాళ్లంతా కరోనాకి మూతపడ్డాక, మా బాసు ఎక్కణ్ణుంచో ఒక అమెరికా బేస్‌బాల్ క్లబ్బును పట్టుకొచ్చింది. అక్కడ ఏటా డ్రాఫ్ట్ అని జరుగుతుంది. స్కూళ్లలో, కాలేజీల్లో ఆడే పిల్లల్లోంచి క్లబ్బులు వంతులవారీగా పేర్లు పిలిచి తీసుకుంటాయి. పేరు పిలిస్తే ఆట బతుకుతెరువవుతుంది, పిలవకపోతే చాలామందికి ఆట అక్కడితో సరి. మామూలు రోజుల్లో క్లబ్బు మనుషులు ఊరూరా తిరిగి, గ్రౌండు పక్కన కుర్చీ వేసుకుని పిల్లల్ని చూసి బేరీజు వేస్తారట. ఆ ఏడు ప్రయాణాలు లేవు, స్కూలు ఆటలు మొదలైన కొద్ది రోజులకే రద్దయ్యాయి, పైగా తీసుకునే పిల్లల సంఖ్యను బాగా తగ్గించేశారు. అందుకని దొరికిన వీడియోలన్నీ పోగేసి, పేర్లతో పాటు నంబర్లు వేసి మాకు పంపారు. అంకెలు సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. ఆ పక్కన ఇరవైకీ ఎనభైకీ మధ్య ఒక మార్కు వేసి, రెండు వాక్యాల అభిప్రాయం నేను రాయాలి. యాభై అంటే సగటు ఆటగాడని లెక్క. నాకు తెలిసిన ఆట క్రికెట్టు, అదీ టీవీలో.

ఆ వీడియోలు బయటివాళ్లెవరికీ చూపించనని సంతకం పెట్టాను. కానీ వంటింటి బల్లే నా ఆఫీసు. అదే బల్ల దగ్గర అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చునేవారు. రెండు రోజులు ఊరుకుని మూడో రోజున, "ఇది మా సాఫ్ట్‌బాలే కదా బాబూ, బంతి పైనుంచి వేస్తున్నాడు, అంతే" అన్నారు. ఒకే ఒక్క బ్యాటు, నాలుగు గ్లవ్‌లతో ఆవిడ ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్లు తయారుచేశారని, జిల్లా సెలక్షన్ కమిటీలో కూర్చునేవారని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు తెర మీద ఉన్నవాడు బంతిని కంచె దాటించే మొనగాడు. సాఫ్ట్‌వేర్ కూడా వాణ్ణి తెగ మెచ్చుకుంది. "కొట్టాక పరిగెత్తేటప్పుడు చూడండి, ఎడమ మడమ ఆనించట్లేదు. నొప్పి దాస్తున్నాడు" అన్నారావిడ. నాకేమీ కనపడకపోయినా ఒక వాక్యంగా రాసి పెట్టాను. పది రోజుల తర్వాత క్లబ్బు వాళ్లు ఆరా తీస్తే మడమ ఎముకలో నిజంగానే చీలిక ఉందట. అందరూ ఉన్న వీడియో మీటింగులో బాసు నా కన్ను గొప్పదని పొగిడింది. ఆ కన్ను నాది కాదని నేను అనలేదు. ఆ మర్నాటి నుంచి అత్తగారి కుర్చీని నా పక్కకి జరిపాను.

పదిహేడో నంబరు వీడియో మే నెలలో వచ్చింది. స్కూల్లో ఆఖరి సంవత్సరం చదివే అబ్బాయి, ఎడమచేత్తో బంతి విసురుతాడు. వాళ్ల నాన్న ఫోనుతో తీసినట్టున్నారు, గాలి హోరు మధ్యలో ఆయన దగ్గు వినపడుతూ ఉండేది. బంతి వేగం బాగా తక్కువని సాఫ్ట్‌వేర్ చెప్పింది. నేను మూసెయ్యబోతుంటే అత్తగారు ఆపి, నాలుగుసార్లు వేయించుకుని చూశారు. "కాళ్ళు చూడండి బాబూ. పన్నెండు బంతులేశాడు, పన్నెండుసార్లూ ముందు కాలు ఒకే గుంటలో పడింది. అందరికీ వచ్చేది కాదది. స్పీడంటారా, ఆ పాదాలు, ఆ అరచేతులు ఎంతెంత ఉన్నాయో చూడండి. ఒళ్ళింకా వాటిని అందుకోలేదు. రెండేళ్లు ఆగితే స్పీడు దానంతటదే వస్తుంది." తర్వాత కాసేపు బీన్స్ పళ్లెం వైపే చూస్తూ, ఇలాంటి పాదాలున్న పిల్లనే ఒకసారి సెలక్షన్లలో వదిలేశానని చెప్పారు. కమిటీ పెద్దలు పొట్టిగా ఉందన్నారట, ఎదిరించి మాట్లాడలేదట. ఆ పిల్ల మర్నాటి నుంచి గ్రౌండుకే రాలేదట. "ఈ అబ్బాయిని మీరు వదలకండి" అన్నారు. ఏడేళ్లలో ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అరవై వేశాను. ఆవిడ మాటలే ఇంగ్లిష్‌లో పెట్టి రాశాను.

ఆ వారం మా ఆఫీసులో సగం మందిని కుర్ట్స్ఆర్బైట్‌లో పెట్టారు, అంటే పని గంటలూ జీతమూ కోసేశారు. నా వీసా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది. సమీక్ష మీటింగులో బాసు పదిహేడో నంబరు దగ్గర ఆగి, "అంకెలు చూస్తే నలభై. నువ్వు అరవై వేశావు. కారణం ఏమిటి?" అని అడిగింది. కారణం నా వెనకాలే చపాతీ పిండి కలుపుతోంది. కెమెరాలో కనపడకుండా ఆవిణ్ణి నేనే పక్కకి జరగమన్నాను. మా అత్తగారు చెప్పారంటే సంతకం సంగతి బయటపడుతుంది, మడమ సంగతీ బయటపడుతుంది. మళ్ళీ చూస్తానని చెప్పి, మీటింగు అయ్యాక నలభై చేశాను. నలభైకి కూడా ఏదో ఒకటి రాయాలి కాబట్టి "శరీరం ఇక ఎదిగే సూచనలు లేవు" అని రాశాను. నిజం చెప్పాలంటే నన్నెవరూ మార్చమనలేదు. కారణం అడిగారు, అంతే. ఆ తేడా నాకు అప్పుడు కూడా తెలుసు.

డ్రాఫ్ట్ అయిన మర్నాడు ఉదయం పేర్ల జాబితా రెండుసార్లు చదివాను. పదిహేడో నంబరు అబ్బాయి పేరు లేదు. నా ఒక్క నలభై వల్లే అలా అయిందని అనలేను. నేను అరవై వేసినా వాళ్లు పిలిచేవారో లేదో. అది ఇక ఎవరికీ తెలియదు, తెలియకుండా చేసినవాణ్ణి నేనే. అత్తగారు టీ కాస్తూ, "మన పదిహేడుని పిలిచారా బాబూ?" అని అడిగారు. ఆవిడ ముఖం చూస్తూ "పిలిచారండీ" అన్నాను. అలా అనాలని ముందుగా అనుకోలేదు. ఆవిడ స్టవ్ ఆపేసి, ఉన్నచోటే వంటింటి నేల మీద మోకరించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. మధ్యాహ్నానికి పరమాన్నం వండి కింది ఇంటాయనకి కూడా ఒక గిన్నె పంపారు. నా గిన్నె ఖాళీ చేశాను. బాగా కుదిరిందని రెండోసారి కూడా వడ్డించారు.

ఆగస్టులో ప్రత్యేక విమానంలో ఆవిడ వెళ్ళిపోయారు. వెళ్ళినా పదిహేడుని వదల్లేదు. ప్రతి ఫోనులోనూ "ఎలా ఆడుతున్నాడు?" అని అడిగేవారు. చిన్న జట్టులో పెట్టారన్నాను, బాగా తింటున్నాడన్నాను, స్పీడు పెరిగిందన్నాను. ఆ మాట విని ఎంత మురిసిపోయారో! తన పాత విద్యార్థినులందరికీ చెప్పుకున్నారట. కల్పించడం నాకు చేతకాని పని, ఒకసారి చెప్పింది ఇంకోసారి మర్చిపోయేవాణ్ణి. రెండేళ్లు అలా నెట్టుకొచ్చి, ఆ గొడవ వదిలించుకుందామని, మోచేతికి దెబ్బ తగిలింది, ఇక ఆడటం కష్టమేమో అన్నాను. అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. ఆవిడ శుక్రవారం ఉపవాస ప్రార్థన మొదలుపెట్టారు. చర్చి స్త్రీల సమాజమంతా అమెరికాలో ఉన్న ఒక అబ్బాయి మోచేతి కోసం ప్రార్థించింది. ఆ ఉపవాసాలు మొదలై రెండేళ్లు దాటాక, పోయిన క్రిస్మస్ ముందు, ఉపవాసంలో ఉండగా షుగరు పడిపోయి అత్తగారు చర్చిలోనే కళ్ళు తిరిగి కూలబడ్డారని మా ఆవిడ ఏడుస్తూ చెప్పింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి మోచెయ్యి పూర్తిగా బాగైందని చెప్పేశాను.

మెసేజ్ వచ్చిన బుధవారం ఇంటికెళ్ళి ముందు మా ఆవిడకి చెప్పాను. పూర్తిగా విని, "ముందు అమ్మకి చెప్పు. నాతో తర్వాత మాట్లాడదువుగాని" అని లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు ధైర్యం చాల్లేదు. శనివారం ఉదయం ఫోన్ చేసి అంతా చెప్పాను. 

"అరవై కాదా మీరు వేసింది?"

"మొదట అరవయ్యేనండీ. తర్వాత నలభై చేశాను."

"నా మాట తప్పనిపించిందా బాబూ?"

"లేదండీ. మీ మాట అని చెప్పడానికి సిగ్గేసింది. ఉద్యోగం పోతుందని భయమేసింది."

"భయం నాకూ తెలుసు. నేనూ ఆ కమిటీలో భయపడే కదా నోరు మూసుకున్నాను. కానీ ఆ పిల్ల సెలక్టయిందని వాళ్లమ్మకి అబద్ధం చెప్పలేదు." ఆవిడ గొంతు పెద్దదేం కాలేదు. ఫోను చెవికి ఆనించుకునే విన్నాను. "సాక్ష్యం లేదని పాస్టర్‌గారికి చెప్పేస్తాను. ఎందుకని అడిగితే ఉన్నదే చెబుతాను."

చెప్పమన్నాను. ఇంకేదైనా అంటారని చూశాను. "అయితే ఆ అబ్బాయి మోచేతికి ఏమీ కాలేదన్నమాట" అన్నారు చివరికి, నిజంగానే ఊరట పడుతున్నట్టు. ఎప్పుడూ ఫోను పెట్టేసేముందు మా ముగ్గురి పేర్లూ చెప్పి చిన్న ప్రార్థన చేస్తారు. ఆ రోజు చెయ్యలేదు.

మాట్లాడింది ఆరు నిమిషాలని ఫోను చూపించింది. ఐదేళ్ల కిందట ఆ టీ పొయ్యి దగ్గరే దొరికే ఆరు నిమిషాలవి. నా కాలం నేనెలా పారబోసుకున్నా అడిగేవాళ్లు లేరు. కానీ రెండేళ్ల పైబడి ఒక పెద్దావిడ ఖాళీ కడుపుతో మోకాళ్ళ మీద గడిపిన ఆ శుక్రవారాలు నావి కావు, ఆవిడవి.