సగం బొప్పాయి

చదివిన చదువుకు తిరుగులేదనిపించే వయసొకటి ఉంటుంది. నాకా వయసు మాచర్లలో గడిచింది. డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పే కొత్త గెస్ట్ లెక్చరర్‌ని, ఓ మెకానిక్ ఇంటి పైగదిలో అద్దెకుండేదాన్ని. క్లాసులో గంటలకొద్దీ మాట్లాడేదాన్ని, గదికొస్తే పలకరించే దిక్కుండేది కాదు. (ఫ్యానుతో మాట్లాడానంటే ఒప్పుకోను.) రెండు నెలలు చూసి, ధైర్యం కూడగట్టుకుని, స్టాఫ్‌రూములోని ముగ్గురు మేడమ్‌లను ఆదివారం భోజనానికి పిలిచాను. "తప్పకుండా వస్తాం" అన్నారు.

తీరా చూస్తే తెచ్చిన మటన్ ముదురు. కింద ఉండే మెకానిక్ వాళ్లమ్మను పిన్నీ అనేదాన్ని. ఆవిడ ఒక పచ్చి బొప్పాయి నా చేతిలో పెట్టి, "చిన్న ముక్క నూరి పట్టియ్యమ్మా, అరగంట చాలు" అంది. నాకా చెప్పేది! బొప్పాయిలో పపేన్ అనే ఎంజైము మాంసంలోని ప్రోటీన్ గొలుసులను కత్తిరిస్తుందనీ, దానంతట అదైతే ఏళ్లు పట్టే పనిని నిమిషాల్లోకి తెస్తుందనీ, ఇంత చేసీ తాను ఖర్చయిపోదనీ శుక్రవారమే పాఠం చెప్పినదాన్ని. ఎంజైము పెరిగితే వేగమూ పెరుగుతుంది కదా అని సగం కాయ నూరి పట్టించి, మూడు గంటలు వదిలేశాను. ఖర్చయిపోనిది పొయ్యి వేడి తగిలేదాకా కత్తిరిస్తూనే ఉంటుందని మాత్రం తట్టలేదు.

కూర దించేసరికి ఎముకలు ఒక పక్క, గుజ్జు ఒక పక్క. ఏడుపొచ్చింది. అప్పుడే ఫోను మోగింది. ఒకరింటికి చుట్టాలొచ్చారట. కాసేపటికి ఇంకొకరికి తలనొప్పట. మూడో ఆవిడ మెసేజైనా పెట్టలేదు. పరువు దక్కిందని సంతోషించాల్సిందే కానీ, రెండున్నర దాకా మెట్ల చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చున్నాను.

చివరికి మెట్లెక్కి వచ్చింది పిన్ని. మూత తీసి చూసి, "ఏందమ్మా ఇది? కూరా, ఉప్మానా?" అంది. ఎంజైముల గురించి చెప్పబోయాను. సగంలో ఆపి మూత మళ్లీ పెట్టేశాను.

"చానా చదివావు గానీ, అరగంటన్నా గదా తల్లీ!" అని ఆవిడ నా పక్కనే చతికిలబడింది. "పళ్లు లేనిదాన్ని, నాకోసమే వండినట్టుంది. వడ్డియ్."

ఇద్దరం తిన్నాం. మిగిలింది ఆవిడే కిందికి పట్టుకెళ్లింది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "వచ్చారా నీ స్నేహితులు?" అంది.

"వచ్చారమ్మా. గిన్నె ఊడ్చేశారు" అన్నాను. (గిన్నె ఖాళీ అయిన మాట నిజమే.)

గోడకేసి నవ్వుతూ ఆ అబద్ధం చెప్పిన పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నాకు నవ్వే వస్తుంది. వెళ్లి కాసేపు దాని పక్కన కూర్చోవాలనీ అనిపిస్తుంది.