ఆరో ఊపిరి

పాలకీడు బీరయ్యకు కావలసింది దేవుడు కాదు, మోక్షం అసలే కాదు. తమ్ముడు సోమయ్య పిలుపు చెవుల్లోంచి పోవాలి, అంతే.

నలభై ఎనిమిది ఎండాకాలంలో, పట్టపగలు రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు అన్నదమ్ములిద్దరూ గొర్రెల మందను వదిలి పరుగెత్తారు. బీరయ్యకు గడ్డివాము దొరికింది. సోమయ్యకు ఏమీ దొరకలేదు. ఈడ్చుకుపోతుంటే వాడు "అన్నా!" అని మూడుసార్లు కేకేశాడు. గడ్డిలో బీరయ్య ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాడు. సోమయ్య మళ్లీ రాలేదు. ఆ తర్వాత రజాకార్లు ఖతమయ్యారు గానీ ఆ కేక ఖతం కాలేదు.

మరుసటేడు మిర్యాలగూడ సంతలో, తత్వాలు పాడే బుచ్చయ్య తాత కాళ్లు పట్టుకున్నాడు. ధ్యానం చేస్తే అన్నీ మరుపున పడతాయని ఎవరో చెప్పారట.

"కూసో. ఊపిరిని సూడు. పదిదాంక లెక్కవెట్టు. తప్పితే మల్ల ఒకటి నుంచి," అన్నాడు తాత.

ఇంత సులువా అనుకున్నాడు పిచ్చిమారాజు. తెల్లారి వాకిట్లో గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. అయిదు దాకా బాగానే నడిచింది. ఆరో ఊపిరి దగ్గర ఛాతీ బిగుసుకుపోయింది, ముక్కులో ఎండుగడ్డి వాసన. "అన్నా!" దిగ్గున లేచి మంద దగ్గరికి పోయాడు. నెల రోజులూ ఇదే తంతు.

మళ్లీ సంతకు పోయి తాత మీద విరుచుకుపడ్డాడు. "మర్సిపోదామని కూసుంటే ఇంకింత యాదికొస్తుండు! గిదేం ధ్యానం?"

"మర్సిపోతవని నేను జెప్పిన్నా? ఎప్పుడు లేస్తున్నవ్?"

"వాడు పిలవంగనే."

తాత అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "గప్పుడూ పలకకపోతివి, గిప్పుడూ పలకకుంటనే లేస్తున్నవ్. రేపు లెవ్వకు బిడ్డా. కూసోని ఇను. ధ్యానమంటే గంతే."

బీరయ్యకు తాతను కొట్టాలన్నంత కోపమొచ్చింది. దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడు ఆరో ఊపిరి దగ్గర ఛాతీ బిగిసింది. గొంగడి అంచు రెండు చేతులా పట్టుకుని లేవకుండా కూర్చున్నాడు. కేక వచ్చింది. రెండోసారీ వచ్చింది. మూడోసారి కూడా విన్నాడు.

"ఓ తమ్మీ," అని బయటికే పలికాడు.

లోపల జొన్నలు దంచుతున్న అతని భార్య సాయమ్మ రోకలి ఆపి, "ఎవరొచ్చిండ్రయ్యా?" అంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది.

వాకిట్లో ఎవరూ లేరు. బీరయ్య కళ్లు తెరవలేదు. గడ్డం మీదుగా కన్నీళ్లు కారుతుంటే, మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.